ఎనిమిదో మంచం మీద స్టే

మా తహసీల్దారు ఏకాంబరం గారు వైరస్‌కు నోటీసు ఇచ్చిన సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. అందులో వచ్చింది సగమే. మిగతా సగం నేను చెప్పాలి, ఎందుకంటే ఆ నోటీసు టైపు చేసింది నేను. పేరు పార్థసారథి, తాటిచర్లపాడు మండల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. పంతొమ్మిదేళ్లుగా పైవాళ్లు చెప్పింది టైపు చేస్తున్నాను. అందులో అక్షరదోషాలు ఉంటే నా పూచీ, బుద్ధిదోషాలు ఉంటే వాళ్ల పూచీ అనుకుంటూ కాలక్షేపం చేశాను.

ముందుగా ఒక మాట. ఏకాంబరం గారు పిచ్చివాడు కాదు. ఆ రోజుల్లో పైనుంచి వస్తున్న ఉత్తర్వులన్నీ వరసగా పేర్చుకుని చదివితే ఎవరికైనా అదే ఆలోచన వచ్చేది. దుకాణాలు పొద్దున ఆరు నుంచి పది దాకా తెరవచ్చు, ఆ తర్వాత మూసెయ్యాలి అన్నారు. అంటే వైరస్ పదింటికి గానీ నిద్ర లేవదన్నమాట. పెళ్లికి ఇరవైమంది దాకా రావచ్చు అన్నారు. అంటే అది పందిట్లో ఇరవై ఒకటో మనిషి కోసం కాచుకుని కూర్చుంటుంది. బ్రాందీ షాపులు సాయంత్రం దాకా తెరిచే ఉంచారు, కనుక దానికి తాగుడు అలవాటు లేదు. మంత్రిగారి శంకుస్థాపనకు లారీల్లో మూడువేల మందిని తోలుకొచ్చారు, కనుక పెద్దలంటే దానికి భయమూ భక్తీ ఉన్నాయి. ఇన్ని ఉత్తర్వులను ఇంత శ్రద్ధగా పాటిస్తున్న ప్రాణి, మనం ఇంకో కాయితం పంపితే మాత్రం ఎందుకు చదవదు?

కలెక్టరు గారు రోజూ పొద్దున్నే ఫోన్లో అందరు తహసీల్దార్లనూ కలిపి వాయించేవారు. "తాటిచర్లపాడులో ఇంకా ఎందుకుంది?" అన్నది ఆయన ప్రశ్న. ఎందుకుందో డాక్టర్లకే తెలియదు, ఏకాంబరం గారికి ఏం తెలుస్తుంది? ముప్పై ఏళ్ల రెవెన్యూ సర్వీసులో ఆయనకు తెలిసిన లోకంలో రెండే ఉన్నాయి. పట్టా ఉన్నది, ఆక్రమణలో ఉన్నది.

ఒకరోజు ఫోను పెట్టేసి నన్ను పిలిచారు.

"సారథిగారూ, ఈ వైరస్‌కు మన మండలంలో పట్టా ఉందా?"

"లేదండీ."

"లీజు?"

"లేదండీ."

"పోనీ అనుభవదారుగా అడంగల్లో ఎక్కడైనా పేరు ఎక్కిందా?"

"ఎక్కలేదండీ."

"మరి ఏ హక్కుతో ఉంటోంది?" అని బల్ల మీద గుద్దారు. "నోటీసు కొట్టండి."

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే ఆఫీసు మాది. నేను వెళ్లి కొట్టాను. మా చట్టంలో ఆక్రమణదారుకు ముందు ఏడో సెక్షను కింద నోటీసు ఇవ్వాలి, వాడు కదలకపోతే ఆరో సెక్షను కింద ఖాళీ చేయించాలి. ఏడు ముందు, ఆరు తర్వాత ఎందుకొస్తాయని అడిగిన కొత్త ఉద్యోగులెవరూ మా శాఖలో పైకి రాలేదు. నోటీసు ఫారంలో పేరు దగ్గర వైరస్ అని, తండ్రి పేరు దగ్గర 'విచారణలో తెలియరాలేదు' అని, వృత్తి దగ్గర 'వ్యాప్తి' అని నింపాను. చిరునామా దగ్గర ఆగిపోయాను.

"చివరిసారి ఎక్కడ కనబడింది?" అన్నారు ఏకాంబరం గారు.

"మన పెంచలయ్య ఇంట్లోనండీ."

పెంచలయ్య మా ఆఫీసు అటెండరు. ఇరవై రెండేళ్లుగా మా నోటీసులు జనం తలుపుల మీద అంటిస్తున్నది అతనే. మైదాపిండి ఉడకబెట్టి, చిన్న క్యారేజీలో పోసుకుని, సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని వెళ్తాడు. అతను అంటించిన కాయితం వానాకాలం దాటినా ఊడదు. ముందురోజే అతని భార్య చెంగమ్మను ఊపిరాడక మా ఊరి సర్కారు ఆసుపత్రిలో చేర్చారు. ఆ ఆసుపత్రిలో ఆక్సిజన్ ఉన్న మంచాలు ఎనిమిది. చెంగమ్మది ఎనిమిదోది.

నోటీసు చేతికిస్తే పెంచలయ్య చిరునామా చూసి నా మొహం చూశాడు.

"సార్, ఇది మా ఇల్లు గదా?"

"నీ ఇల్లే. కానీ నోటీసు నీకు కాదు, దానికి."

"అట్టనా," అని కాయితం మడిచి, "తలుపుకి మొన్ననే రంగు ఏయించినా సార్. గోడకి అంటిస్తే చెల్లదా?" అన్నాడు.

చెల్లదని చెప్పాను. తన తలుపు మీద తనే మైదా పూసి అంటించుకున్నాడు. ఇద్దరు సాక్షులు దూరం నుంచి సంతకాలు పెట్టారు. ఊళ్లో టముకు వేయించాం. 'ఇందుమూలంగా యావన్మందికీ' అని మొదలుపెట్టి, సదరు వైరస్ ఏడు రోజుల్లోగా హాజరై తన హక్కుపత్రాలు దాఖలు చేసుకోవాలనీ, లేనిపక్షంలో ఏకపక్షంగా తేల్చేస్తామనీ చాటింపు.

ఏడు రోజులు గడిచాయి. వైరస్ హాజరు కాలేదు. హాజరై ఉంటే మా ఆఫీసులో ఎవరూ ఉండేవాళ్లం కాదు.

ఎనిమిదో రోజు ఉదయం పదకొండు గంటలకు ఆరో సెక్షను కింద ఉత్తర్వు వెలువడింది. ఖాళీ చేయించడానికి మండల సర్వేయరు గొలుసు పట్టుకుని బస్టాండు నుంచి సంతపేట దాకా గాలిని కొలిచాడు. నాలుగు మూలలా ఎర్ర జెండాలు పాతాం. 'పై హద్దుల మధ్యగల గాలిని నిరాటంకంగా ప్రభుత్వ స్వాధీనం చేసుకోవడమైనది, ఎవరూ అడ్డుకోలేదు' అని పంచనామా రాశాం. ఏకాంబరం గారు జెండా పక్కన నిలబడి ఫొటో దిగారు. మర్నాడు పొద్దున ఫోన్లో కలెక్టరు గారు "మిగతావాళ్లు నేర్చుకోండి" అన్నారు. నాలుగు మండలాలు నేర్చుకున్నాయి. పడమటి మండలం వాళ్లు మాత్రం, మేము గెంటిన వైరస్ వాళ్ల పొలిమేరలోకి వచ్చి కూర్చుందని ఉమ్మడి హద్దుల సర్వే కోరుతూ అర్జీ పెట్టారు.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. కానీ మా శాఖలో ఉత్తర్వు ఇచ్చాక అమలు నివేదిక పంపాలి. మండలంలో వైరస్ లేదని నివేదిక రాస్తుంటే, ఆసుపత్రిలో ఎనిమిదిమంది దానితోనే పడుకుని ఉన్న సంగతి ఏకాంబరం గారికి గుర్తొచ్చింది. అది నేరం. ఖాళీ చేయించిన ఆక్రమణదారుకు ఆశ్రయం ఇవ్వడం కిందికి వస్తుంది.

ఆసుపత్రి గేటు దగ్గర ఆయన మైకులో ఉత్తర్వు చదివారు. డాక్టర్ హసీనా బేగం వరండాలోకి వచ్చి విన్నది. సన్నగా, నెలరోజులుగా నిద్రలేని కళ్లతో ఉంది.

"సార్, లోపల ఎనిమిదిమందికీ ఊపిరి అందడం లేదు," అంది.

"అమ్మా, ఊపిరి మీ శాఖ విషయం. స్వాధీనం మా శాఖ విషయం," అన్నారు ఏకాంబరం గారు. "నిన్న పదకొండు గంటల తర్వాత ఈ మండలంలో సదరు జబ్బు ఉండటానికి వీల్లేదు. వీళ్లకు ఉన్నది వేరే ఏదో అయి ఉంటుంది. వేరే ఏదో అయితే ఈ సిలిండర్లు దానికి మంజూరైనవి కావు. ఇంకా విముక్తి కాని మండలాలకు పంపాలి."

ఆమె జిల్లాలో తన పైవాడికి ఫోన్ చేసింది. ఆయన, ఉత్తర్వు వచ్చాక మనం మాత్రం ఏం చేస్తాం, మెడికల్‌గా ఆలోచించొద్దు, పాటించు అన్నాడట.

నిజానికి జనం సంతోషించారు. అది చెప్పకపోతే నా కథ అబద్ధం అవుతుంది. తహసీల్దారు స్వయంగా మైకులో జబ్బు లేదని చెప్పాక, గుండ్రటి సీలు వేసిన వైరస్ విముక్తి పత్రం చేతికిచ్చాక, నమ్మకుండా ఎలా ఉంటారు? గేటు దగ్గర కొబ్బరికాయ కొట్టారు. ఏడో మంచం మీది కుట్టుమిషను సరోజిని తమ్ముడు ఏకాంబరం గారి కాళ్లకు మొక్కి, అక్కను ఆటోలో పడుకోబెట్టుకుని తీసుకుపోయాడు. డాక్టరమ్మ ప్రతి ఆటో వెంట గేటు దాకా నడిచి, వద్దు, వద్దు అని చెప్తూనే ఉంది. ఆమె దగ్గర సీలు లేదు. వ్యానులో ఏడు సిలిండర్లే పట్టాయి. ఎనిమిదో దానికి మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు వస్తామని చెప్పి వెళ్లారు.

పెంచలయ్య ఒక్కడే పత్రం తీసుకోలేదు. మా ఆఫీసు కాయితం విలువ ఎంతో ఆ గుంపులో అతనికొక్కడికే తెలుసు.

సాయంత్రం నేను ఇంటికి బయలుదేరుతుంటే సైకిలు పట్టుకుని నా బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, ఒక మాట అడగతా, తిట్టొద్దు. మన ఆఫీసులో ఏ ఆర్డరుకైనా అప్పీలు ఉంటాది గదా?"

"ఉంటుంది."

"దీనికీ ఉంటాదా? అడుగున చిన్నక్షరాల్లో మీరు రాసే ఉంటారు. ఇరవై రెండేళ్ల నుంచి అంటిస్తా ఉండా, నాకు తెలీదా?"

ముప్పై రోజుల్లోగా ఆర్డీవో గారికి అప్పీలు చేసుకోవచ్చునన్న ఆ వాక్యం నేను చేతి అలవాటుకొద్దీ ప్రతి ఉత్తర్వు కిందా కొడతాను. కొట్టానని కూడా నాకు గుర్తులేదు.

"ఉంది గానీ పెంచలయ్యా, ఉత్తర్వు వల్ల నష్టపోయిన పార్టీయే అప్పీలు చెయ్యాలి. ఇక్కడ పార్టీ వైరస్."

"అయితే దాని తరఫున నేను ఏస్తా," అన్నాడు. "మా ఇంట్లోనే ఉన్నింది గదా సార్. వాయిదా పడేదాకా దాన్ని ఖాళీ చేయించకూడదని స్టే తెస్తే, అది ఉన్నట్టే. అది ఉంటే మా చెంగమ్మకి జబ్బు ఉన్నట్టే. జబ్బు ఉంటే గ్యాసు పీకకూడదు గదా? డాక్టరమ్మ చెప్పింది సార్, అది తీస్తే గంట కూడా ఉండదంట. అందరికన్నా ఆమెకే ముదిరిపొయ్యిందంట."

చెప్పడం అయిపోయాక నా బండి హ్యాండిలు పట్టుకుని ఏడ్చాడు. సీనియర్ అసిస్టెంటు ఉద్యోగంలో నాకు మొదటిసారి సిగ్గేసింది. తాళం తీసి మళ్లీ ఆఫీసులోకి వెళ్లాం.

ఆ అప్పీలు నా జీవితంలో నేను రాసిన కాయితాల్లోకెల్లా గొప్పది. అప్పిలెంటు పేద, నిరక్షరాస్య, దిక్కూమొక్కూ లేని సూక్ష్మజీవి అని మొదలుపెట్టాను. దానికి అర్థమయ్యే భాషలో నోటీసు ఇవ్వలేదన్నాను. అధికారులందరి కళ్లెదుటే ఇన్నాళ్లుగా బహిరంగంగా, ప్రశాంతంగా అనుభవంలో ఉందన్నాను. అన్నిటికన్నా బలమైన పాయింటు చివర్లో తట్టింది. నోటీసు అంటించిన రోజు అప్పిలెంటు ఆ ఇంట్లో లేదు, ఆసుపత్రిలో ఎనిమిదో నంబరు మంచం మీద ఉంది. కనుక నోటీసు అందనట్టే. అందని నోటీసు మీద ఖాళీ ఉత్తర్వు చెల్లదు. కాబట్టి సదరు ఎనిమిదో నంబరు మంచం మీది అప్పిలెంటు స్వాధీనానికి భంగం కలిగించరాదు. ఆ పాయింటు తట్టగానే నాకు నేనే భుజం తట్టుకున్నాను.

మర్నాడు నా బండి మీద ఇద్దరం ఆర్డీవో ఆఫీసుకు వెళ్లాం. నలభై కిలోమీటర్లు. పదిన్నరకు కేసు పిలిచారు. ఆర్డీవో గారు ప్లాస్టిక్ తెర వెనక కూర్చుని ఉన్నారు. బల్ల మీద మూడు రకాల శానిటైజర్లు ఉన్నాయి.

"అప్పిలెంటు ఎవరు?" అన్నారు తల ఎత్తకుండా.

"వైరస్ అండీ," అన్నాను.

"ఇంటిపేరు?"

"లేదండీ."

అప్పుడు తల ఎత్తారు. అప్పీలు మొదటి పేజీ చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఇది విచారణార్హం కాదు. వైరస్ అనేది చట్టం దృష్టిలో వ్యక్తి కాదు."

"అయితే దానికి నోటీసు ఇవ్వడం, ఖాళీ చేయించడం చెల్లవండీ. కలెక్టరు గారు మెచ్చుకున్న ఉత్తర్వు తప్పని మీరే రాసినట్టవుతుంది," అన్నాను.

ఆయన చేతులకు శానిటైజరు రాసుకున్నారు. "సరే, వ్యక్తే అనుకుందాం."

"వ్యక్తి అయితే అప్పీలు చేసుకునే హక్కు ఉందండీ."

ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. మా శాఖలో పెద్దవాళ్లు అటువంటప్పుడు పట్టుకునే కొమ్మ ఒకటుంది. దాన్ని ఆయన పట్టుకున్నారు.

"అప్పిలెంటు స్వయంగా హాజరు కాలేదు. హాజరైతేనే వింటాను. లేకపోతే ఇప్పుడే కొట్టేస్తున్నాను," అని పెన్ను తీశారు.

గోడగడియారం పదకొండు చూపిస్తోంది. నేను రాసిన ఏడు పేజీల్లో ఈ మాటకు జవాబు లేదు.

పెంచలయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. "హాజరయ్యే ఉండాది సార్."

"ఎక్కడ?"

పెంచలయ్య మాస్కు కిందికి లాగాడు. "తెల్లారిన కాడ్నించి ఒళ్లు కాలిపోతా ఉండాది సార్. నాలోనే ఉండాది. ఏమన్నా అడగాలంటే అడగండి, పలకతాది." అని గది అదిరిపోయేలా దగ్గాడు.

నేను పుట్టాక ప్రభుత్వం అంత వేగంగా కదలడం చూడలేదు. గుమాస్తా కిటికీ దూకాడు. డవాలా బంట్రోతు పక్క గదిలోకి పోయి లోపలినుంచి గొళ్లెం పెట్టుకున్నాడు. ఆర్డీవో గారు ప్లాస్టిక్ తెరతో సహా వరండాలోకి వెళ్లిపోయారు. అక్కణ్ణించే కేక వేశారు.

"హాజరు నమోదు చేసుకున్నాం! విన్నాం! ప్రథమదృష్ట్యా బలముంది! స్టే ఇస్తున్నాం! ఆ కాయితం కిటికీలోంచి పడెయ్యండి!"

పడేశాను. కర్రతో దగ్గరకు లాక్కుని సంతకం పెట్టారు. సీలు ఎవరో విసిరితే నేనే వేసుకున్నాను. ఎనిమిదో మంచం మీద యథాతథ స్థితి, తదుపరి వాయిదా వరకు.

రోడ్డెక్కాక పది కిలోమీటర్లు బండిని పరుగెత్తించాను. తర్వాత నాకు భయం పట్టుకుంది. బండి ఆపి అడిగాను.

"పెంచలయ్యా, నిజంగా జ్వరమా?"

"లేదు సార్. పొద్దున మిరపకాయ బజ్జీ తిన్నా, గొంతు మంటగా ఉన్నింది. దేముడు బజ్జీ రూపంలో వచ్చినాడు."

మేము ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ. వ్యాను ముందే వచ్చేసింది. ఖాకీ చొక్కా అతను ఎనిమిదో మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని సిలిండరు మరకు స్పానరు తగిలిస్తున్నాడు. డాక్టరమ్మ సిలిండరును రెండు చేతులతో కౌగిలించుకుని నిలబడి ఉంది. చెంగమ్మ కళ్లు మూసుకుని ఉంది, గుండెలు ఎగిరి పడుతున్నాయి. నేను స్టే కాయితం ఎత్తి చూపించాను. స్పానరు ఆగింది. డాక్టరమ్మ ఆ కాయితం చదివి, మళ్లీ చదివి, పక్కనున్న స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపలేదు.

ఏకాంబరం గారికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. రెవెన్యూ మనిషికి దేవుడి మీద నమ్మకం ఉన్నా లేకపోయినా స్టే మీద ఉంటుంది. ఆయన కాయితం కళ్లకద్దుకుని, 'ఎనిమిదో నంబరు మంచం కోర్టు వివాదంలో ఉన్నది మినహా మండలమంతా వైరస్ విముక్తమైనది' అని కొత్త నివేదిక రాయించారు. ఆగస్టు పదిహేనున ఆయనకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

ఇంటికి పంపిన ఏడుగురిలో నలుగురు పోయారు. మండలంలో జబ్బు లేదు కనుక ధ్రువపత్రాల్లో ఒకరికి గుండె ఆగింది అని, ఇద్దరికి వయోభారం అని రాశాం. నాలుగో మనిషి సరోజిని. ఇరవై తొమ్మిదేళ్ల పిల్లకు వయోభారం రాయడానికి చేతులు రాక, 'కారణం తెలియరాలేదు' అని నేనే కొట్టాను.

మూడు వారాలకు చెంగమ్మ ఇంటికొచ్చింది. చూడటానికి వెళ్తే పెంచలయ్య కుర్చీ తుడిచి వేసి, నేను వద్దంటున్నా టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు. చెంగమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. సగానికి సగం అయిపోయింది.

"మీరు రాసిన కాయితంతోనే నా పానం నిలబడిందంట గదా సార్," అంది. "మీ పిల్లాపాపా సల్లగా ఉండాల."

నేను పొంగిపోయాను. ఆ పాయింటు నాకెలా తట్టిందో ఆమెకు వివరంగా చెప్పాను. నోటీసు అంటించింది ఇంటికి, పార్టీ ఉన్నది ఎనిమిదో మంచం మీద, అక్కడే ఉత్తర్వు కూలిపోయిందని చెప్పాను. ఆమె చివరిదాకా శ్రద్ధగా విన్నది.

"నా పక్క మంచంలో సరోజిని ఉండేది సార్. తగ్గినాక నాకు రవిక కుట్టి ఇస్తానన్నింది. కూలి ఇస్తానంటే వద్దని కొట్లాడింది నాతో." ఊపిరి కోసం కాసేపు ఆగింది. "నాకు సదువు రాదు, తప్పయితే ఏమీ అనుకోవద్దు. ఆ కాయితంలో నా మంచం నెంబరు ఒక్కటే రాసినారా సార్?"

"అవునమ్మా."

"ఎనిమిది మంచాలూ రాయకూడదా?"

వంటింట్లో పెంచలయ్య గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. నేను ఆ కాయితం రాసేనాటికి ఏడుగురూ ఇళ్లలో బతికే ఉన్నారు. సిలిండర్లు పక్క మండలంలో ఉన్నాయి, వ్యాను ఎలాగూ ఒంటిగంటకు వచ్చేదే, అందులోనే వాటిని తిరిగి తెప్పించవచ్చు. కిటికీలోంచి పడేస్తే ఆర్డీవో గారు ఆ రోజు ఏం రాసి ఉన్నా సంతకం పెట్టేవారు.

"రాయొచ్చమ్మా," అన్నాను.